గ్యాసు పోనీకురా

మే 24కి మా పెళ్ళై 25 ఏళ్ళు నిండుతాయని మా ఆవిడ ఫిబ్రవరిలోనే లెక్క చెప్పింది. హాలు మాట్లాడి వందల మందిని పిలవాలని ఇద్దరికీ లేదు. గుంటూరు బ్రాడీపేటలో మా మిద్దె మీదే, పెళ్ళినాటి నుంచి మా మంచిచెడ్డల్లో ఉన్న పద్నాలుగు మందిని కూర్చోబెట్టి, పునుగులూ మిరపకాయ బజ్జీలూ వాయి వాయికీ వేడిగా పెడదామనుకున్నాం. తాగడానికి ఏం పెట్టాలన్న దగ్గర మాత్రం నాకో కోరిక ఉంది. మూడేళ్ళ కిందట ఆఫీసు పని మీద నాసిక్ వెళ్ళినప్పుడు, ఒక ద్రాక్ష తోటలో సాయంత్రం పూట చల్లటి స్పార్క్లింగ్ వైన్, అంటే బుడగలొచ్చే వైన్, ఒక గ్లాసు పోసి ఇచ్చారు. ముక్కు దగ్గరికి తీసుకోగానే సన్నటి తుంపర మొహానికి తగిలింది. కొత్తపేటలో మా నాన్న సోడా బండి ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చింది. ఆ తుంపర మా వాళ్ళందరి మొహాలకీ తగలాలని అప్పటి నుంచీ మనసులో ఉంది.

మాది సోడాల ఇల్లు. నాన్న దాదాపు ముప్పై ఏళ్ళు గోలీ సోడా బండి నడిపాడు. పదో తరగతి దాకా పొద్దున్నే సీసాలు కడగడం నా పని. ఆ సీసాకి 1872లో హిరామ్ కాడ్ అనే ఇంగ్లండు ఆయన పేటెంటు తీసుకున్నాడని చాలా ఆలస్యంగా తెలిసింది. చిన్నప్పుడు అది మన ఊరి వస్తువే అనుకునేవాణ్ణి. సీసాని మిషన్‌లో తలకిందులుగా బిగించి తిప్పుతారు. గ్యాసు నిండాక అదే గోలీని మూతిలోని రబ్బరు వాషరుకి నొక్కి పెట్టేస్తుంది. బండి దగ్గర రోజుకి పదిసార్లు నాకు వినిపించే మాట ఒకటే: "గ్యాసు పోనీకురా." నీళ్ళు చల్లగా లేకపోతే గ్యాసు పట్టదు. సీసా కుదిపితే ఉండదు. గ్లాసుకి సబ్బు జిడ్డు ఉంటే నిలవదు. ముప్పై అయిదేళ్ళ తరవాత వైన్ సీసా దగ్గర నాకు పనికొచ్చింది ఈ మూడు ముక్కలే.

నాన్న మందు ముట్టడు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం మద్య నిషేధం పెట్టినప్పుడు బండి మీద సోడాల అమ్మకం సగానికి పడిపోయింది. అయినా "మంచి పనే చేశాడు" అన్నాడు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో మిద్దె మీద వైన్ పోయాలంటే ముందు ఆయన్ని అడగాలి. అడిగాను. కాసేపు ఊరుకుని, "నీ ఇల్లు, నీ పెళ్ళిరోజు. తాగినవాడు ఎవడూ బండి తీయకుండా నువ్వు దగ్గరుండి చూసుకో" అన్నాడు. ఆ రాత్రికి రెండు ఆటోలు ముందే మాట్లాడి పెట్టాను.

ఇక డబ్బుల సంగతి. బుడగలొచ్చే ఏ సీసానైనా మనం షాంపేన్ అనేస్తాం గానీ, ఫ్రాన్స్‌లో షాంపేన్ అనే ప్రాంతంలో, అక్కడి పద్ధతిలో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. దాని ధర మా లెక్కలో పట్టదు. సీసాకి రెండు వేలు దాటకూడదని గీత గీసుకున్నాం. మన దేశంలో ఈ రకం కొత్తదేమీ కాదు. 1980ల్లోనే పుణె దగ్గర నారాయణ్‌గావ్‌లో షాటో ఇండాజ్ వాళ్ళు ఫ్రెంచి పద్ధతిలో చేసి విదేశాలకి కూడా పంపారు. తరవాత నాసిక్‌లో సులా కంపెనీ వచ్చింది, 2013లో షాండన్ కంపెనీ వచ్చింది. ఇప్పుడు మన దగ్గర దొరికే దేశీ సీసాలు ఎక్కువగా ఆ నాసిక్ చుట్టుపక్కలవే.

దొరకడం మాత్రం అంత తేలిక కాదు. మందు షాపుకి మనవాళ్ళు పెట్టుకున్న పేరు వైన్ షాపు, కానీ ద్రాక్ష వైన్ అడిగితే చాలా చోట్ల లేదంటారు. గుంటూరులో రెండు రకాలు దొరికాయి. మిగతావాటికి ఆదివారం ఆదివారం విజయవాడ వెళ్ళాను. ఒక షాపులో గులాబీ రంగు సీసా ఒకటి అద్దాల బీరువాలో, పడమటి ఎండ నేరుగా తగిలేచోట నిలబెట్టి ఉంది. తెల్ల గాజు, లోపల అందమైన రంగు. చూసి మనసాగక కొన్నాను. ఇంటికొచ్చి చల్లబరిచి తెరిస్తే ఉడికిన క్యాబేజీ వాసన. వెలుగు తగిలితే ఇలాంటి వైన్‌లో గంధకం వాసనలు పుడతాయి. పచ్చ గాజు కొంత ఆపుతుంది, తెల్ల గాజు దాదాపు ఆపదు. పద్నాలుగు వందలు సింకులో పోశాను. ఎవరైనా కొనబోతే నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు వరసలో ఎండకి మెరుస్తున్న సీసా వద్దని, లోపల గోడౌన్‌లోది తెచ్చి ఇమ్మని అడగండి.

రెండో దెబ్బ నా తొందర వల్ల తగిలింది. మార్చి నెలాఖరు, మధ్యాహ్నం. విజయవాడ నుంచి స్కూటర్ ముందు సంచిలో పెట్టుకొచ్చిన నాసిక్ సీసాని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చాల్లే అని తెరిచాను. బిరడా మీది తీగ విప్పానో లేదో అది తన్నుకుని వెళ్ళి ఫ్యాను రెక్కకి తగిలింది. నురగ మోచేతి దాకా కారి, మూడో వంతు నేలపాలైంది. వరండాలో పేపరు చదువుకుంటున్న నాన్న లేచి వచ్చి సీసా మీద చెయ్యి వేసి చూశాడు. "ఒళ్ళు వెచ్చగా ఉందిరా. చల్లబడకుండా గ్యాసు ఎట్టా ఆగుద్ది?" అన్నాడు.

అదే నిజం. షాంపేన్ పద్ధతిలో చేసిన సీసాలో ఒత్తిడి అయిదారు అట్మాస్ఫియర్లు ఉంటుంది. కారు టైరులో ఉండేదానికి రెండు రెట్ల పైమాటే. 750 మి.లీ. ద్రవంలో 9 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడు కరిగి ఉంటుంది. బయటికి వదిలితే అది అయిదు లీటర్ల గ్యాసు. చల్లగా ఉంటే కరిగే ఉంటుంది, వేడెక్కితే పారిపోతుంది. 6 నుంచి 8 డిగ్రీల దగ్గర తెరవాలి. దానికి ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు కావాలి. అంత టైము లేకపోతే బక్కెట్లో సగం ఐసు, సగం నీళ్ళు, గుప్పెడు కల్లుప్పు వేసి మెడ దాకా ముంచితే ఇరవై అయిదు నిమిషాల్లో దిగుతుంది. ఒట్టి ఐసులో పెడితే అంత త్వరగా చల్లబడదు, నీళ్ళయితే సీసా చుట్టూతా తగులుతాయి.

తెరవడం కూడా అప్పుడే పద్ధతిగా నేర్చుకున్నాను. మూతి మీద తువ్వాలు, తువ్వాలు మీద బొటనవేలు. తీగని ఆరు అరచుట్లు తిప్పితే వదులవుతుంది, కానీ తీసేయకూడదు, దానితో పాటే బిరడాని పట్టుకోవాలి. సీసాని ఏటవాలుగా వంచి, బిరడాని కదలనివ్వకుండా సీసా అడుగుని మెల్లగా తిప్పాలి. బిరడా పైకి తోసుకొస్తుంటే మనం కిందికి ఆపుతూ ఉండాలి. చివర్లో 'టప్' అనకూడదు, 'ఉస్స్' అనాలి. నాలుగో సీసాకి నాకు ఆ 'ఉస్స్' వచ్చింది. నాన్న వరండాలోంచే "ఇప్పుడు పర్లేదు" అన్నాడు. చప్పుడుతో పేలిస్తే సరదాగా ఉంటుందని చాలామంది అంటారు. కంటికి తగిలితే ఏమవుతుందో సోడా సీసాలు పేలడం చూసిన ఇంట్లో పుట్టినవాడిగా నాకు తెలుసు.

ఏప్రిల్ రెండో ఆదివారం అసలు పరీక్ష పెట్టుకున్నాం. నేను, మా ఆవిడ, బావమరిది. నాలుగు సీసాలకీ పాత పేపర్లు చుట్టి, మా అమ్మాయి చేత అంకెలు వేయించాను. ఏ అంకె దేనిదో తనకి మాత్రమే తెలుసు. ధర తెలిస్తే నాలుక పక్షపాతం చేస్తుంది. ఉమ్మడానికి పక్కన ఇత్తడి చెంబు. గ్లాసుల దగ్గర ఒక గొడవ వచ్చింది. ముందు రోజు గిన్నెల సబ్బుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టినవాటిలో పోస్తే ఒక్క బుడగ కూడా సరిగ్గా లేవలేదు. నాన్న చెప్పినట్టు వేడినీళ్ళతో రెండుసార్లు తొలిచి, పాత పంచె ముక్కతో తుడిచి పోస్తే గొలుసులు గొలుసులుగా లేచాయి. దీని మీద ఫ్రాన్స్‌లో రీమ్స్ యూనివర్సిటీ శాస్త్రవేత్త జెరార్ లీజే బెలేర్ ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. గ్లాసు గోడకి అంటుకున్న కంటికి కనపడని గుడ్డ పోగుల్లోంచే బుడగలు ఎక్కువగా పుడతాయని ఆయన చూపించారు. అంటే మా పంచె ముక్క రెండు పనులూ చేసింది, జిడ్డూ తుడిచింది, పోగులూ వదిలింది.

మా ఆవిడకి తాగే అలవాటు లేదు. కానీ వాళ్ళది తెనాలి దగ్గర పచ్చళ్ళు పెట్టే ఇల్లు, ఆవకాయ జాడీ మూత తీయకుండానే ఉప్పు తగ్గిందో లేదో చెప్పే ముక్కు. ఆ రోజు మాకు పెద్ద దిక్కు తనే. ఒకటో గ్లాసు వాసన చూసి, "దోర జామకాయ కొరికినట్టుంది, వెనక నిమ్మ తొక్క" అంది. గుక్క వేసి పులుపుకి కళ్ళు చిట్లించింది. మూడోది చూసి "బేరిపండు. పూల వాసన కూడా ఉంది" అంది. నాలుగోది చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకుంది. "ఇది పండు కాదు. పులిసిన ఇడ్లీ పిండి గిన్నె మూత తీస్తే వచ్చే వాసన. కాదు కాదు, బేకరీలో అప్పుడే తీసిన బన్ను."

కాగితాలు విప్పాక చూస్తే ఒకటోది నాసిక్ బ్రూట్ (తీపి తక్కువ రకం), షెనాన్ బ్లాంక్ ద్రాక్షతో చేసింది. మూడోది ఇటలీ ప్రొసెకో. నాలుగోది స్పెయిన్ కావా. బన్ను వాసన ఊరికే రాలేదు. కావాని షాంపేన్ లాగే సీసాలోనే రెండోసారి పులియబెడతారు. ఈస్టు చచ్చి అడుగున పడ్డాక కూడా నెలల తరబడి దాని మీదే ఉంచుతారు. ప్రొసెకోని పెద్ద స్టీలు ట్యాంకుల్లో పులియబెట్టి తరవాత సీసాలకి పడతారు కాబట్టి ఈస్టు వాసన తక్కువ, గ్లేరా ద్రాక్ష వాసన ఎక్కువ. పచ్చళ్ళ ఇంటి పిల్లకి ఈ సంగతులేవీ ముందు తెలియవు. ముక్కే చెప్పింది. ఆ మధ్యాహ్నం తన మొహం చూస్తుంటే నాకు ఎంత గర్వంగా అనిపించిందో.

రెండో గ్లాసు సంగతి వేరే చెప్పాలి. దానికి వాసనంటూ ఏమీ లేదు, తీపి ఉంది. ముగ్గురం ఏం చెప్పాలో తెలియక చూస్తుంటే, నాన్న వచ్చి నాలుగు గ్లాసుల ముందూ వంగి కూర్చున్నాడు. రుచి చూడలేదు, ముట్టుకోలేదు. చూపుడు వేలు రెండో దాని మీద పెట్టాడు. "ఇది మన సోడాయేరా. బుడగ లావుగా ఉంది, దడదడా లేచిపోతోంది. మిషన్‌లో కొట్టిన గ్యాసు." సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉంది, కార్బొనేటెడ్ అని. అయిదు నిమిషాలకి ఆ గ్లాసులో బుడగలు అడుగంటాయి. నాలుగో దానిలో ఇరవై నిమిషాలైనా సన్నటి దారం ఒకటి అడుగు నుంచి లేస్తూనే ఉంది. ఆ దారాన్ని నాన్న చాలాసేపు చూశాడు.

బావమరిది విస్కీ మనిషి. అన్నీ పుల్లగా ఉన్నాయి బావా అన్నాడు, మూడోది ఒక్కటే నచ్చిందన్నాడు. దాని మీద ఎక్స్‌ట్రా డ్రై అని ఉంది. డ్రై అంటే తీపి లేనిదని కదా, మరి ఇది తియ్యగా ఎందుకుందని అడిగాడు. సీసా కొనేవాళ్ళు దాదాపు అందరూ తికమక పడేది ఇక్కడే. బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర. ఎక్స్‌ట్రా డ్రై అంటే 12 నుంచి 17. ఒట్టి డ్రై అంటే 17 నుంచి 32. డెమీ సెక్ అంటే 50 దాకా. అంటే ఎక్స్‌ట్రా డ్రై కన్నా బ్రూట్‌కే తీపి తక్కువ. కాక్‌టెయిల్ కలపాలనుకుంటే బ్రూటే తీసుకోవాలి. తీపి మనం ఎప్పుడైనా కలుపుకోవచ్చు, ఉన్న తీపిని తీయలేం.

ఆ మధ్యాహ్నం నుంచి నాకో ఆలోచన పట్టుకుంది. చవక వైన్‌లో ఏదో ఒకటి తక్కువ ఉంటుంది. దానికి వాసన లేదా, ఒళ్ళు పలచనా, పులుపు మరీ పైకి ఉందా అన్నది ముందు ఒట్టిగా రుచి చూసి తేల్చుకోకుండా పళ్ళరసం పోస్తే, కలిపినది బాగుండకపోయినా తప్పెక్కడుందో తెలియదు. మా ఆవిడ వంకాయ కూర చేసేటప్పుడు ముందు పచ్చి ముక్క కొరికి చూస్తుంది. కసరుగా ఉంటే ఒక రకం కూర, లేతగా ఉంటే ఇంకో రకం. ఇదీ అంతే.

కలపడం మొదలుపెట్టింది నిమ్మకాయతో. జిన్, నిమ్మరసం, చక్కెర పాకం, పైన షాంపేన్ పోసే ఫ్రెంచ్ 75 అనే పాత కాక్‌టెయిల్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫ్రెంచి 75 మిల్లీమీటర్ల ఫిరంగి పేరే దానికి పెట్టారు. మా దగ్గర షేకర్ లేదు. అటక మీద మా అమ్మ మరచెంబు ఉంది, తీర్థయాత్రలకి నీళ్ళు పట్టుకెళ్ళినది. తోమి చూస్తే మర ఇంకా గట్టిగా పడుతోంది. మనిషికి 30 మి.లీ. జిన్, తెనాలి నిమ్మరసం 15, పాకం 15, నాలుగు ఐసు ముక్కలు వేసి మూత బిగించి చెంబు మీద చెమట పట్టేదాకా ఊపాను. వడగట్టి గ్లాసులో పోసి, పైన నాసిక్ బ్రూట్ 80 మి.లీ. వైన్‌ని మాత్రం చెంబులో వేయకూడదు. వేసి ఊపితే మర కూడా ఆగదు. మొదటి గ్లాసు పుల్లగా కొట్టింది. మన నిమ్మకాయ పులుపుకి వైన్ పులుపు తోడైంది. నిమ్మరసం 10కి దించితే సరిపోయింది. ఆ వైన్‌లోని జామకాయ వాసన నిమ్మతో చక్కగా కుదిరింది. విస్కీ మనిషి రెండో గ్లాసు అడిగాడు.

బత్తాయి దెబ్బతీసింది. కమలా రసంతో చేసే మిమోసా అనే కాక్‌టెయిల్‌కి బదులు అనంతపురం బత్తాయిలు వాడదామని సాయంత్రమే రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. రాత్రి కలిపితే నోరంతా చేదు. బత్తాయి రసం నిలవుంటే చేదెక్కుతుంది, బండి మీద జ్యూసు తీసే కుర్రాడు అందుకే మన కళ్ళ ముందే పిండి ఇస్తాడు. పెళ్ళిరోజు పూట పదిమందికి ఎప్పటికప్పుడు పిండే తీరిక ఉండదని దాన్ని పక్కన పెట్టేశాం.

గుంటూరులో ఉండి మిరపకాయ వాడకపోతే ఎట్టా అని బావమరిది పట్టుబట్టాడు. రెండు పచ్చి మిరపకాయలు చీరి జిన్‌లో రెండు గంటలు నానేశాం. ఆల్కహాల్‌లో కారం నీళ్ళలో కన్నా బాగా దిగుతుంది. దాని మీద బుడగల కుట్టడం తోడయ్యేసరికి గొంతు పట్టుకుంది. కారం అలవాటైన నోళ్ళే ముగ్గురివీ, అయినా ఎవరమూ గ్లాసు పూర్తి చేయలేదు. కారం గ్లాసు లోపల కాదు, అంచుకి ఉండాలని మా ఆవిడ అంది. ఉప్పు, ఎర్ర కారం సమంగా కలిపి పళ్ళెంలో పరిచి, నిమ్మచెక్క రాసిన అంచుని అద్దింది. బడి ముందు పచ్చి మామిడి ముక్కకి అద్దుకునేది అదే కదా. ఆ అంచుతో నిమ్మ జిన్ గ్లాసు వేరే స్థాయికి వెళ్ళింది.

మేలో చిన్నరసాలు వచ్చాయి. నేను ఎదురుచూసింది దీనికోసమే. వెనిస్‌లో హ్యారీస్ బార్ పెట్టిన జుసెప్పే చిప్రియానీ తెల్ల పీచ్ పండు గుజ్జులో ప్రొసెకో పోసి బెల్లినీ అనే డ్రింక్ చేశాడు, బెల్లినీ అనేది పాతకాలపు వెనిస్ చిత్రకారుడి పేరు. పీచ్ మనకెందుకు, నూజివీడు రసాలుండగా? పండుని అరచేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ దగ్గర మొదటి చుక్క పారబోసి, గుజ్జు గిన్నెలోకి పిండింది మా ఆవిడ. చిన్నరసానికి పీచు ఎక్కువ. పలచటి మల్లు గుడ్డలో వేసి వడకడితే పీచంతా గుడ్డలో ఆగి, కింద నెయ్యి కరిగినట్టు బంగారు రంగు రసం జారింది. గుడ్డకి అంటినదాన్ని తను వేలితో తీసి నా నోట్లో పెట్టింది.

రసం గ్లాసులో మూడో వంతు పోసి, పైనుంచి వైన్ ఒక్కసారిగా పోశాను. నురగ పొంగు పాలలా లేచి బల్ల మీదికి పారింది. గుజ్జులోని ప్రతి రేణువూ బుడగకి ఒక మెట్టే. మళ్ళీ చేశాం. రసం చల్లగా ఉండాలి, గదిలో ఉన్నది పనికిరాదు. ముందు రెండు చెంచాల వైన్ మాత్రమే పోసి, పొడుగు చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి మెల్లగా కలిపి, నురగ దిగేదాకా ఆగాలి. తరవాత గ్లాసు వంచి, గోడ మీదుగా మిగతాది జార్చాలి. రసం ఒక పాలు, వైన్ రెండు పాళ్ళు. ప్రొసెకోతో చేసింది అద్భుతం, బేరిపండు వాసన మామిడి వెనక తంబురా శ్రుతిలా నిలబడింది. కానీ అది మా రెండు వేల గీత దాటిన సీసా. నాసిక్ బ్రూట్‌తో చేస్తే చివర్లో పులుపు కొంచెం బయటికొచ్చింది. గ్లాసుకి ఒక చిన్న చెంచా పాకం, చిటికెలో చిటికెడు ఉప్పు వేస్తే సర్దుకుంది. ప్రొసెకో అంత బాగుందని అనను. మా డబ్బుకి అది న్యాయమైన రుచి.

మిషన్ గ్యాసు కొట్టిన ఆ రెండో రకానికీ ఒక దారి దొరికింది. దానికి సొంత వాసన లేదు కాబట్టి నన్నారి షర్బత్ రెండు చెంచాలు, సగం నిమ్మచెక్క పిండితే సుగంధి సోడాకి అన్నలా తయారైంది. అదే నన్నారిని కావా వైన్‌లో వేస్తే బన్ను వాసన మొత్తం మునిగిపోయింది. కావా వైన్‌లో ఇంకేదీ కలపబుద్ధి కాలేదు. ఒక గ్లాసులో మాత్రం వేరుశనగ గింజంత పటిక బెల్లం ముక్క వేసి చూశాను. ఆ ముక్క నాలుగు పక్కల నుంచీ ముత్యాల సరాల్లా బుడగలు లేచాయి. ముక్క కరిగేదాకా ఆగలేదు.

లెక్క వేసుకున్నాం. తాగేవాళ్ళు మాతో కలిపి పదిమంది. మొదటి గ్లాసు ఒట్టి కావా, తలకి 120 మి.లీ. చొప్పున రెండు సీసాలు. తరవాత నిమ్మ జిన్ ఒకటి, చిన్నరసం ఒకటి, వాటికి నాసిక్ బ్రూట్ మూడు సీసాలు. మొత్తం అయిదే. తాగనివాళ్ళకి నన్నారి నిమ్మ సోడా, అదే గ్లాసుల్లో, అదే పటిక బెల్లం ముక్కతో.

మర్నాడే రోహిణి కార్తె. మే 24 సాయంత్రం ఏడింటికి కూడా మిద్దె గచ్చు కాళ్ళకి కాలుతూనే ఉంది. ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించి, గోనె పట్టాలో పగలగొట్టి, రెండు ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్ళూ ఉప్పూ పోసి సీసాలు ముంచాం. మొదటి సీసా తెరుస్తుంటే అందరూ చెవులు మూసుకున్నారు. 'ఉస్స్' అని అంతే. అమ్మాయి గ్లాసులు అందించింది. మా ఆవిడ మేనత్త, డెబ్బై ఏళ్ళ మనిషి, తను తాగేది నన్నారి సోడాయే అయినా గ్లాసు మొహం దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "చల్లగా చిలకరిస్తోందే అమ్మాయ్" అంది. ఆ మాట కోసమే కదా నేను రెండు నెలలు తిరిగింది.

వేడి బజ్జీకి ఈ వైన్ జోడీ నేను ఊహించినదానికన్నా బాగుంది. నూనెని పులుపు కోస్తుంది, బుడగలు నాలుకని కడుగుతాయి, తరవాతి బజ్జీ మళ్ళీ మొదటి బజ్జీలా ఉంటుంది. ఎక్కువ చర్చ నడిచింది మాత్రం కారం అంచు మీద. రెండో విడతకి మా ఆవిడ పళ్ళెం నిండా మళ్ళీ కలపాల్సి వచ్చింది. చిన్నరసం గ్లాసులు మెల్లగా పోయడానికి టైము పట్టింది, కానీ ఒక్క చుక్క కూడా పొంగలేదు. నాసిక్ సీసా ఒకటి తెరవకుండానే మిగిలింది. తెరిచినదాంట్లో పావు వంతు మిగిలితే, మూతిలో వెండి చెంచా వేలాడదీస్తే గ్యాసు నిలుస్తుందని ఒకాయన చెప్పారు. చెంచాతో ఏమీ ఆగదు. గట్టిగా బిగించే మూత పెట్టి చల్లగా ఉంచితే మర్నాటికి కొంత ఉంటుంది.

పదిన్నరకి ఆటోలు వచ్చి అందరినీ తీసుకెళ్ళాయి. నేను గ్లాసులు సర్దుతుంటే నాన్న మెట్లెక్కి పైకి వచ్చాడు. టబ్బులోంచి ఖాళీ కావా సీసా ఒకటి తీసి, నీళ్ళు వంపి, చేతిలో బరువు చూశాడు. తిరగేసి, అడుగున లోపలికి నొక్కినట్టుండే గుంటలో బొటనవేలు పెట్టాడు. వేలు సగం దాకా దిగింది.

"ఒత్తిడి తట్టుకోడానికి ఇట్టా పోశారు" అన్నాడు. "ఎంత మందం గాజురా. మళ్ళీ నింపరా వీటిని?"

నింపరని, ఒక్కసారికే అని చెప్పాను.

ఆయన ఏమీ అనలేదు. లైటు కిందికి తీసుకెళ్ళి మూతి అంచంతా వేలితో తడిమి, ఎక్కడా పెచ్చు లేదని చూసుకుని, అయిదింట్లో ఖాళీ అయిన మూడు సీసాలనీ గోడ పక్కన వరసగా పెట్టాడు. పొద్దున్నే వేడినీళ్ళు పెట్టమని, తొలిచి బోర్లించాలని మా ఆవిడతో చెప్పి కిందికి దిగాడు.